దత్తాంశం అంటే ఒకరు ఇచ్చినది

(చెన్నైలో ఒక ఆదివారం సాయంత్రం తెలుగువారి సభలో నాడీశాస్త్ర పరిశోధకురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు, వెనుక గోడకు ఆనుకుని నిలబడి వింటున్న కాలేజీ పిల్లలకు నమస్కారం.

మెదడు గురించి మాట్లాడమని పిలిచారు. అంత పెద్ద విషయాన్ని ఒక గంటలో చెప్పగలనని అనుకోను. నేను పనిచేసే గదిలో ఒక ఉదయం ఎలా గడుస్తుందో చెబుతాను. చాలాకాలంగా నా మనసులో ఉన్న మాట అందులోనే ఉంది.

మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లకు ముందురోజు ఫోను చేస్తాం. "రేపు తలంటుకుని రండి, నూనె మాత్రం పెట్టుకోకండి" అని చెబుతాం. కొబ్బరినూనె రాసుకోకుండా గడప దాటడం మన పెద్దవాళ్లకు ఎంత ఇబ్బందో మీకు తెలుసు. అయినా మానుకుని వస్తారు. కుంకుడుకాయ వాసనతో, తడి ఆరీ ఆరని జుట్టుతో ఉదయం తొమ్మిదికల్లా వచ్చి కూర్చుంటారు. తలకు గుడ్డతో కుట్టిన టోపీ తొడుగుతాం. దానికి 32 చిల్లులు. ఒక్కొక్క చిల్లులో విద్యుత్తును పట్టే ఒక చిన్న ఎలక్ట్రోడు బిగించి, మొద్దు సూది ఉన్న సిరంజితో కింద కాస్త జెల్ వేస్తాం. జుట్టు పాయలు పక్కకు తీసి, చర్మం కనిపించాక, ఒక్కొక్కటీ సరిగ్గా అంటిందో లేదో చూసుకుంటూ పోతే ముప్పావు గంట పడుతుంది. నూనె ఉంటే ఏదీ అంటదు. ఇంత శ్రమ ఎందుకంటే, మెదడు నుంచి తలపైకి వచ్చే విద్యుత్తు మరీ సన్నది. టార్చిలైటులో వేసే సెల్లు ఒకటిన్నర వోల్టు. మేము పట్టుకునే తరంగం 30 మైక్రోవోల్టులు అనుకుంటే, అది ఆ సెల్లులో 50 వేలవ వంతు. దవడ బిగించినా, రెప్ప కొట్టినా ఆ గీత చెదిరిపోతుంది.

ఈ పరీక్షను ఈఈజీ అంటారు. జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి తల మీద నుంచి ఈ గీతలు తీశాడు. అయిదేళ్లు తనను తాను అనుమానించుకుంటూ మళ్లీ మళ్లీ తీసి చూసి, 1929లో ప్రకటించాడు. ఆయన చూసినదే ఇప్పటికీ మేము చూస్తున్నాం. కళ్లు తెరిచి ఉన్నంతసేపు గీత గజిబిజిగా ఉంటుంది. కళ్లు మూసుకోగానే, ముఖ్యంగా తల వెనుక భాగంలో, సెకనుకు 8 నుంచి 12 సార్లు లేచి పడే ఒక అల మొదలవుతుంది. దానిని ఆల్ఫా తరంగం అంటాం. వయసు పెరిగేకొద్దీ అది కాస్త నెమ్మదిస్తుంది. అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బుల్లో మరింత నెమ్మదిస్తుంది. ఎంతవరకు నెమ్మదిస్తే అది మామూలు వయసు, ఎక్కడ దాటితే జబ్బుకు సూచన అన్నదే నా పరిశోధన.

పోయిన ఏడాది ఒక బామ్మగారు వచ్చారు. 74 ఏళ్లు. పుట్టింది గూడూరులో, పెళ్లయి మద్రాసు వచ్చి 50 ఏళ్లు దాటింది. టోపీ అమరుస్తున్నంతసేపూ మా విద్యార్థిని చేతుల వంకే చూస్తూ కూర్చున్నారు. "కళ్లు మూసుకోండి బామ్మగారూ" అన్నాను. మూసుకున్నారు. తెర మీద అల లేచింది, చెరువు మీద గాలి తిరిగినట్టు సన్నగా, ఒక క్రమంలో. పరీక్ష అయ్యాక ఆ గీతను ఆమెకు చూపించాను. చాలాసేపు చూశారు.

"ఇది నాదేనా తల్లీ?"

"మీదే."

"మరి దీన్ని ఏం చేస్తావు?"

"కంప్యూటర్లో దాచి లెక్కలు కడతాం."

"నువ్వొక్కదానివేనా?"

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. జెల్ అంటిన జుట్టును తువ్వాలుతో తుడుచుకుంటూ ఆమే అన్నారు: "మా చెల్లెలు చివరి నాలుగేళ్లు నన్ను గుర్తుపట్టలేదు. ఇంకొకరికైనా పనికొస్తుందని వచ్చాను. నలుగురూ చూస్తేనే గదా ఏదైనా దొరికేది."

ఆమె ఇచ్చిన 20 నిమిషాలు తరువాత ఏమవుతాయో చెబుతాను. 32 చోట్ల, సెకనుకు 500 సార్లు కొలుస్తాం. అంటే ఒక్క మనిషి నుంచి దాదాపు 2 కోట్ల అంకెలు. 40 మందివి తీస్తే 75 కోట్లకు పైమాటే. వీటన్నింటినీ వడగట్టి, సగటు కట్టి, శాస్త్ర పత్రికకు పంపేటప్పటికి మిగిలేది ఒక బొమ్మ, అందులో రెండు నిలువు పట్టీలు, కింద ఒక వాక్యం. తక్కిన అంకెలన్నీ పరిశోధకుల హార్డ్ డిస్కులో ఉండిపోతాయి. ఆ పరిశోధకులు ఊరు మారితే డిస్కు ఏ అలమరలోకి పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. నేను విద్యార్థినిగా ఉన్నప్పుడు ఒక ప్రయోగశాలలో, నాకంటే ముందు పనిచేసి వెళ్లినవారి డేటా నా చేతికి వచ్చింది. మతిమరుపు మొదలైనవాళ్లవీ, ఆరోగ్యంగా ఉన్నవాళ్లవీ కలిపి 60 రికార్డింగులు. పట్టికలో 'గ్రూపు' అని ఒక నిలువు వరుస. దాని కింద 1, 2 అని అంకెలు. ఒకటి అంటే జబ్బు ఉన్నవారా, లేనివారా? ఎక్కడా రాసి లేదు. తీసినవారికి ఉత్తరం రాశాం. వివరాలున్న నోటు పుస్తకం ఇల్లు మారినప్పుడు పోయిందని జవాబు వచ్చింది. మూడు నెలలు వెతికి వదిలేశాం. 60 మంది! ఒక్కొక్కరూ ఆటో మాట్లాడుకుని, కొడుకునో కోడలినో వెంటబెట్టుకుని వచ్చినవాళ్లే. ఒక్క వాక్యం రాసి పెట్టి ఉంటే సరిపోయేది. ఆ డిస్కు తలపుకు వస్తే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఈ నగరంలో నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి ఒక పోలిక చెప్పాలనిపిస్తోంది. బ్రౌన్ దొర వేమన పద్యాల తాళపత్ర ప్రతులను ఎన్నో చోట్ల నుంచి తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, 1829లో అచ్చు వేయించాడు. అచ్చుపుస్తకం వచ్చేసింది గదా అని తాటాకులను పొయ్యిలో పెట్టలేదు. ఆయన పోగుచేసిన ప్రతులు ఈ మద్రాసులోనే భద్రంగా నిలిచాయి. ఇక్కడి ప్రాచ్య లిఖిత పుస్తకశాలలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటివారు ఏళ్ల తరబడి తాటాకుల మధ్య కూర్చుని పనిచేయగలిగారంటే, మూలం దొరికే చోట ఉండబట్టే. ఒక పద్యంలో ఒక మాట అనుమానంగా ఉంటే ప్రతి తీసి చూడవచ్చు. పాఠాంతరం ఉంటే పక్కన చూపించవచ్చు. పరిష్కర్త పొరబడ్డాడని తరువాతివారు రుజువుతో చెప్పవచ్చు. పరిశోధన పత్రం కూడా ఒక పరిష్కృత ప్రతి వంటిదే. డేటా దాని తాటాకు. తాటాకును దాచేసి, నేను పరిష్కరించిన పద్యాన్ని నమ్మండి అంటే ఏ పండితుడైనా ఒప్పుకుంటాడా? మా శాస్త్రంలో ఎన్నో దశాబ్దాలు అలాగే ఒప్పుకుంటూ వచ్చాం.

డేటాను మన పాఠ్యపుస్తకాల్లో దత్తాంశం అంటారు. పలకడానికి బరువుగా ఉందని చాలామంది పక్కన పెడతారు. నాకు మాత్రం ఆ మాట ఇష్టం. దత్తం అంటే ఇచ్చినది. లాటిన్‌లో డేటా అన్న మాటకూ అర్థం అదే. మా వృత్తిలో "నా డేటా", "మా ల్యాబు డేటా" అనడం అందరికీ అలవాటు. నేనూ అన్నాను. బామ్మగారు అడిగిన తరువాత ఆ మాట నోట రావడం కష్టమైంది. ఇచ్చింది ఆమె. ఖర్చు భరించింది చాలావరకు ప్రజల పన్నుల సొమ్ము. నేను మధ్యలో అందుకుని పట్టుకున్నదాన్ని.

మూలాన్ని నలుగురి ముందు పెడితే ఏమవుతుందో చూపడానికి నాకు నచ్చిన ఉదాహరణ ఒక పురుగుది. సీ ఎలిగాన్స్ అని మట్టిలో బతికే, ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగు. దానికి ఉన్నవి 302 నాడీకణాలే. కేంబ్రిడ్జిలో సిడ్నీ బ్రెన్నర్, జాన్ వైట్, వాళ్ల సహచరులు ఆ పురుగును అతి పలుచని పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఫోటోలు తీసి, ఏ కణం ఏ కణంతో కలుస్తుందో చేత్తో గుర్తులు పెట్టుకుంటూ పదేళ్లకు పైగా శ్రమించారు. 1986లో 340 పుటల పత్రం వచ్చింది. నేను చెప్పాలనుకున్నది ఆ తరువాతి సంగతి. ఆ ఫోటోలను పారేయలేదు. 2019లో అమెరికాలో మరో బృందం ప్రధానంగా ఆ పాత ఫోటోలనే కొత్త పద్ధతులతో మళ్లీ చదివి, ఆ పురుగుల్లో రెండు లింగాలకూ నాడీపటం పూర్తిగా గీసింది. 33 ఏళ్ల తరువాత! తీసినవాళ్లు ఊహించని ప్రశ్నలకు ఆ ఫోటోలు జవాబు చెప్పాయి. అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగ విషయంలోనూ ఇదే జరిగింది. ఒక్క ఈగ మెదడును 7,000కు పైగా కోతలు కోసి తీసిన చిత్రాలను 2018లో అందరి ముందూ పెట్టారు. ఎన్నో దేశాల శాస్త్రవేత్తలు, శాస్త్రంతో వృత్తి సంబంధం లేని ఔత్సాహికులు కూడా కలిసి, కంప్యూటర్ గీసిన దారులను కణం తరువాత కణం సరిదిద్దారు. 2024 అక్టోబరులో 1,39,255 నాడీకణాల పటం పూర్తయింది. కణానికీ కణానికీ మధ్య సంధులు 5 కోట్లకు పైనే. ఒక్క ప్రయోగశాల తలుపు వేసుకుని చేయగల పని కాదది.

మన ఊరి సంగతీ చెప్పాలి. ఐఐటీ మద్రాసులోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ 2024 డిసెంబరులో గర్భస్థ శిశువుల మెదడు చిత్రాలను విడుదల చేసింది. 5,132 కోతలు, కణం కణం కనిపించేంత వివరంగా. వాటికి పెట్టిన పేరు ధరణి. ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. గర్భంలో మెదడు ఏ వారంలో ఎలా ఎదుగుతుందో తెలిస్తే, ఎదుగుదల ఎక్కడ తప్పుతోందో పోల్చుకోవడానికి ఒక కొలత దొరుకుతుంది. ఆ చిత్రాలు చూసినప్పుడల్లా నాకు వాటి వెనుక ఉన్న తల్లులు గుర్తుకు వస్తారు. ఎత్తుకోవలసిన బిడ్డను ఎత్తుకోలేకపోయినవాళ్లు. ఆ చిత్రాలు ఒక గదిలో మగ్గిపోకుండా ఏ దేశంలోని వైద్యవిద్యార్థికైనా అందుతున్నాయంటే, నా ఊరి సంస్థ ఆ పని చేసిందంటే, నాకు నిజంగా గర్వంగా ఉంటుంది.

ఇంకొక మాట. డేటా దొరకకపోతే తప్పులు తెలియవు. 2020లో నేచర్ అనే శాస్త్ర పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 108 మంది మెదడు స్కాన్లను 70 బృందాలకు ఇచ్చి, అవే తొమ్మిది ప్రశ్నలకు జవాబులు చెప్పమన్నారు. ఏ రెండు బృందాలూ లెక్కను ఒకే దారిలో కట్టలేదు. కొన్ని ప్రశ్నలకు ఔనన్నవాళ్లూ కాదన్నవాళ్లూ ఉన్నారు. అందరూ నిజాయితీగా పనిచేసినవాళ్లే. మూలం ఒకటే అయినా దారిని బట్టి జవాబు మారుతుందని, ఆ మూలం అందరికీ అందినందువల్లే తెలిసింది. నిజాయితీ లోపించినప్పుడు జరిగే నష్టం ఇంకా పెద్దది. అల్జీమర్స్ మీద 2006లో వచ్చి, రెండు వేలకు పైగా ఇతర పత్రాలు ఉదహరించిన ఒక పత్రంలో చిత్రాలను మార్చినట్టు తేలి, 2024లో ఉపసంహరించుకున్నారు. 18 ఏళ్లు. బామ్మగారి చెల్లెలి వంటివారు ఎందరు ఆ 18 ఏళ్లలో వెళ్లిపోయి ఉంటారు?

అయితే మా తోటివారిలో ఉన్న భయం అబద్ధం కాదు. ఒక విద్యార్థి మూడేళ్లు ఎండలో తిరిగి, ఇల్లిల్లూ తట్టి, బతిమాలి తెచ్చిన దత్తాంశాన్ని, ఎక్కడో కూర్చున్న మరొకరు ఒక్క క్షణంలో దించుకుని ముందుగా పత్రం రాసేస్తే ఆ విద్యార్థి గతి ఏమిటి? ఈ ప్రశ్న వేసేవాళ్లను స్వార్థపరులని అనను. మా గదిలో మేము పెట్టుకున్న పద్ధతి ఇది: విద్యార్థి మొదటి పత్రం అచ్చయ్యేదాకా డేటా మా దగ్గర. అచ్చైన రోజునే అందరికీ. డేటాకు కూడా పత్రానికి ఉన్నట్టే శాశ్వతమైన గుర్తింపు సంఖ్య ఉంటుంది, పోగుచేసినవారి పేర్లు ఉంటాయి, వాడుకున్నవారు ఆ పేర్లను ఉదహరించాలి. మన దేశంలో ఉద్యోగాలిచ్చే కమిటీలు ఇప్పటికీ పత్రాలే లెక్కపెడతాయి. ఒక మంచి డేటాను శుభ్రంగా సర్ది, వివరాలు రాసి, పదిమందికి ఇచ్చిన పనిని లెక్కలోకి తీసుకోవు. నేను కూర్చున్న ప్రతి కమిటీలో ఈ మాట ఎత్తుతున్నాను, ఎత్తుతూనే ఉంటాను.

సర్ది ఇవ్వడం కూడా ఒక విద్యే. మా దగ్గరికి ఆంధ్రలో ఒక చిన్న ఊరి ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె కాలేజీలో ఈఈజీ యంత్రం లేదు. అయినా వచ్చేనాటికే ఈఈజీ చదవడం తెలుసు. ఎలాగంటే, ఫిజియోనెట్ అనే ఉచిత భాండాగారం 1999 నుంచి ఉంది. అందులో 109 మంది స్వచ్ఛందంగా ఇచ్చిన, 64 ఎలక్ట్రోడులతో తీసిన రికార్డింగులు ఉన్నాయి. వాటిని హాస్టల్లో తన ల్యాప్‌టాప్‌లోకి దించుకుని సొంతంగా నేర్చుకుంది. మా రికార్డింగులు చూసిన మొదటి వారంలోనే అడిగింది: "మేడమ్, ఆ డేటాలో 60 దగ్గర ఒక ముల్లులా గీత లేచి ఉంటుంది. మన డేటాలో అది 50 దగ్గర ఉంది. ఎందుకు?" అమెరికాలో ఇళ్లకు వచ్చే కరెంటు అలలా సెకనుకు 60 సార్లు లేచి పడుతుంది, మన దగ్గర 50 సార్లు. ఆ కరెంటు రొద గీతలోకి ఎక్కుతుంది. చిన్న విషయమే. కానీ ఏ దేశంలో తీశారో రాసి లేకపోతే, తెలియనివారు దానిని తొలగించబోయి తప్పు చోట కోస్తారు. అందుకే మేము ప్రతి రికార్డింగు పక్కన ఒక కాగితం రాస్తాం. ఏ యంత్రం, ఏ గది, ఫ్యాను తిరుగుతోందా, ఆ మనిషి ముందురాత్రి నిద్రపోయారా, కాఫీ తాగి వచ్చారా, ఒకటి అంటే ఎవరు, రెండు అంటే ఎవరు. ఇలా సర్దడానికి 2016 నుంచి బిడ్స్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. ఏ దేశపు ప్రయోగశాల ఇచ్చినా ఫైళ్ల పేర్లు, వరుసలు ఒకే తీరున ఉంటాయి. మా గదిలో అది తప్పనిసరి చేశాను.

ఆ అమ్మాయి అడిగిన రెండో ప్రశ్న నన్ను ఎక్కువ కలచింది: "ఇన్ని ఉచిత రికార్డింగుల్లో మనవాళ్లవి ఎందుకు కనబడవు?" బయట దొరికే వాటిలో చాలాభాగం అమెరికా, ఐరోపా వాళ్లవి. బడికి వెళ్లని పెద్దవాళ్లు, ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడేవాళ్లు, చిన్నప్పటి నుంచి పొలంలో పనిచేసినవాళ్లు అందులో ఎక్కడ? మనవాళ్ల మామూలు ఏమిటో తెలియకుండా, మనవాళ్లకు జబ్బు ఉందో లేదో ఎవరి కొలతతో చెప్పాలి? ఈ లోటు తీర్చే పనులు మొదలయ్యాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ప్రాంగణంలో ఉన్న సెంటర్ ఫర్ బ్రెయిన్ రిసెర్చ్, కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 45 ఏళ్లు దాటిన 10,000 మందిని ఏళ్ల తరబడి గమనించాలని పెట్టుకుంది. మామిడితోటల ఊరు అది. అక్కడ ఎన్నో ఇళ్లలో మాట్లాడేది తెలుగే.

అన్నింటినీ అందరి ముందూ పరచమని నేను అనడం లేదు. మెదడు ఎంఆర్ఐ స్కానులో ముఖం కూడా పడుతుంది. దాని నుంచి ముఖాన్ని తిరిగి నిర్మించవచ్చు. 2019లో అమెరికాలో 84 మంది స్కాన్లతో పరీక్షిస్తే, ముఖాలను పోల్చే సాఫ్ట్‌వేర్ 70 మందిని వాళ్ల ఫోటోలతో సరిగ్గా జతచేసింది. అందుకని విడుదల చేసే ముందు ముఖం భాగాన్ని చెరిపేస్తారు. జన్యువుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఒకరి జన్యువు చూపిస్తే తోబుట్టువులదీ కొంత చూపించినట్టే. జీనోమ్ ఇండియా పథకంలో 10,000 మంది భారతీయుల జన్యుక్రమాలను ఫరీదాబాద్‌లోని జాతీయ భాండాగారంలో ఉంచి, 2025 జనవరి నుంచి పరిశోధకులకు ఇస్తున్నారు. ఎవరు, ఎందుకు అడుగుతున్నారో చూసి ఇస్తారు. అది సరైన పద్ధతి. మా ఈఈజీలో పేరు, పుట్టిన తేదీ, చిరునామా తీసేస్తాం. వయసు, చదువు, మాతృభాష ఉంచుతాం.

చివరగా ఒక పని మాట. బయట బల్ల మీద కాగితాలున్నాయి, తెలుగులోనూ తమిళంలోనూ. 60 ఏళ్లు దాటినవారికి వచ్చే నెలలో ఈ పరీక్ష మళ్లీ మొదలుపెడుతున్నాం. కాగితంలో రెండు గళ్లుంటాయి. మొదటిది పరీక్షకు ఒప్పుకోవడం. రెండోది, పేరు తీసేసి మీ రికార్డింగును ఇతర పరిశోధకులకు ఇవ్వడానికి ఒప్పుకోవడం. దయచేసి రెండోదాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి. దానిని ఖాళీగా వదిలినా పరీక్ష చేస్తాం, మీ పట్ల మా నడవడిలో ఏ తేడా ఉండదు. సంతకం చేశాక మనసు మారితే, మీకిచ్చిన సంఖ్య చెబితే చాలు, తీసేస్తాం. అప్పటికే ఇతరులు దించుకున్న ప్రతులను మాత్రం వెనక్కి తేలేం. అది ముందే తెలుసుకుని సంతకం చేయండి. కళ్లద్దాలు తెచ్చుకోనివారికి మా విద్యార్థులు పక్కన కూర్చుని చదివి వినిపిస్తారు.